షంషాద్ ఆపా లెక్కలు మార్చుకున్న వేసవి

మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి కీబోర్డు కుడిపక్క అంకెల మీద చూడకుండానే వేళ్ళు ఆడిస్తుంది. టకటకమని నాలుగైదు చప్పుళ్ళు, వాటి వెనకే ఒక గట్టి దెబ్బ. అది చెవిన పడితే చాలు, నా చేతిలో పని ఆగిపోతుంది. దుబాయ్ పక్కనే ఉండే అజ్మాన్‌లో మేము అద్దెకున్న పాత భవనం, మా ఎదుటి వాటా, ఏసీ చల్లదనంలో కలిసిపోయిన అత్తరు వాసన, కంప్యూటర్ తెరకు ముక్కు ఆనించినట్టు కూర్చున్న షంషాద్ ఆపా, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకు వస్తాయి.

నేను అక్క అన్నట్టు ఆపా అని పిలిచే ఆమెది కడప. భర్తతో పాటు వచ్చి, ఇక్కడే ఒక ట్రేడింగ్ కంపెనీలో అకౌంటెంటుగా చేరింది. ఆయన గుండెజబ్బుతో పోయాక కూడా ఉద్యోగం మానలేదు. ఒక్కడే కొడుకు ఇంతియాజ్, అబుదాబిలో ఇంజనీరు, శుక్రవారాలు వచ్చి చూసి వెళ్ళేవాడు. నేను పెళ్ళయి నెల్లూరు నుంచి వచ్చినదాన్ని. మా ఆయనకు దుబాయ్ అల్ ఖూజ్‌లో గోడౌన్ పని. పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే మళ్ళీ దీపాలు పెట్టాకే రావడం. ఆ ఒంటరితనంలో నేను బి.కాం. చదివానన్న సంగతి నేనే మరిచిపోసాగాను.

2005 వేసవిలో ఒక మధ్యాహ్నం ఆపా మా తలుపు తట్టింది. ఆమె ఆఫీసుకు మధ్యాహ్నం పూట విరామం. ఇంటికి వచ్చి అన్నం తిని, ఎండ తగ్గాక మళ్ళీ వెళ్ళేది.

"సుజాతా, రోంత సేపు నా పక్కన కూర్చుంటావా పాపా? నాకు తెర మీద అచ్చరాలు కనపడ్డంల్యా."

చక్కెర జబ్బు ఆమె కళ్ళ మీదికి వచ్చింది. ఇంటి ఖర్చులన్నీ ఆమె ఏళ్ళ తరబడి కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాంలో రాసుకునేది. దాంట్లో అక్షరాలు చీమల్లాంటివి, పెద్దవి చేసుకునే వీలు లేదు. అందుకని అక్షరాలు ఎంత కావాలంటే అంత పెంచుకోగల వేరే ప్రోగ్రాం కొనుక్కొచ్చింది. పాత లెక్కలు కొత్తదాంట్లోకి ఎక్కించబోతే తేదీలు తారుమారయ్యాయి. నెల ఉండాల్సిన చోట రోజు, రోజు ఉండాల్సిన చోట నెల. ఆపా విసుక్కోలేదు. ఎక్కించినదంతా తుడిచేసింది. నేను పాతదాంట్లోంచి అచ్చుతీసిన కాగితాలు చదవాలి, తను కొత్తదాంట్లో కొట్టుకోవాలి. అదీ ఒప్పందం.

మొదటి రోజు నేను గబగబా అంకెలు చదువుకుంటూ పోయాను. ఆమె చెయ్యి ఆపేసింది.

"అంకె ఒకటే చదవద్దు పాపా. దేనికి పెట్టినామో అది ముందు చెప్పు. అంకె దాని ఎనకాల వస్తాది."

అప్పటినుంచి అలాగే చదివాను. టాక్సీ అంటే ఆ టాక్సీ ఎక్కడికి వెళ్ళిందో ఆపా చెప్పేది. చెప్పులు అంటే వాటిని అల్ ఐన్ తోటల్లో తెంపుకొచ్చిన వైనం చెప్పి నవ్వేది. ఒక్కో పద్దు దగ్గర ఒక్కో కథ. సగం వేసవి గడిచేసరికి, ఏ ఖర్చు ఏ పద్దు కింద వెయ్యాలో ఆమె నన్నే అడగడం మొదలుపెట్టింది. నాకు తెలుసన్నది నాకంటే ముందు ఆమెకు తెలిసింది.

ఒక శుక్రవారం ఇంతియాజ్ వచ్చేసరికి మేము పనిలో ఉన్నాం. కాసేపు నిలబడి చూశాడు.

"ఎందుకమ్మీ నీకీ తిప్పలు? అంతా నా లాప్‌టాప్‌లో వేసుకుని నేను చూసుకుంటాలే. నెలనెలా నీకు ఫోన్లో చెప్తా. ఖలాస్."

అతని గొంతులో ప్రేమే ఉంది. ఆపా కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"నువ్వు బాగా చూస్తావులే నాయినా. ఆ నమ్మకం నాకుండాది. కానీ నా సంసారం లెక్క నేను చూసుకోవల్ల. కనపడకపోతే ఎవుర్నన్నా అడుగుతా. అడిగేదన్నా నా చేతిలో ఉండనీ."

అతను టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నమంతా ఆపా వేళ్ళు చాలాసార్లు తప్పు అంకె మీద పడ్డాయి.

మరుసటి శుక్రవారం అతను మెట్లెక్కుతూ ఆయాసపడుతున్న చప్పుడు విని, ఆపా ఇంటి తలుపు నేనే తీశాను. చేతుల్లో పెద్ద మానిటర్ ఉంది. తల్లిని ఏమీ అడగకుండా పాతది తీసి దాన్ని బిగించాడు. అక్షరాలు అరచేతంత అయ్యాయి. ఆ తరువాత నా కుర్చీ దగ్గరికి వచ్చి, "అక్కా, ఇవాళ నేను చదువుతా" అన్నాడు.

చదివాడు. పాలు, రొట్టెలు, అబ్బా సిగరెట్లు, అంటే వాళ్ళ నాన్నవి. కూరగాయలు, అబ్బా సిగరెట్లు. వారం వారం వస్తూనే ఉన్నాయి. ఒక వారం దగ్గర సిగరెట్లు లేవు, అతను ఆగాడు. కిందికీ పైకీ చూశాడు.

"ఆగినావే?" అంది ఆపా తెర మీదినుంచి చూపు తిప్పకుండా. "అవి ఆడికే. తర్వాత కరెంటు బిల్లు ఉంటాది, చదువు."

అతను కరెంటు బిల్లు చదివాడు. మెల్లగా అడిగాడు. "అబ్బా పద్దు కొత్తదాంట్లో కూడా ఉంచాల్నా అమ్మీ? ఇంక దాంట్లో రాసేదేం ఉండదు కదా."

"ఉంచు. ఖాళీగా ఉంటే ఉండనీ."

నేను వంటింట్లోకి వెళ్ళి ముగ్గురికీ టీ పెట్టాను. వెనక్కి వచ్చేసరికి అతను తల్లి భుజానికి ఆనుకుని కూర్చుని ఇంకా చదువుతున్నాడు.

ఆ తరువాతి సంవత్సరం ఆపా నన్ను తన ఆఫీసుకు వెంటబెట్టుకు వెళ్ళింది. "ఈ పాప లెక్క తెలిసిన మనిషి" అని మాత్రం ముదీర్ అని పిలిచే వాళ్ళ మేనేజరుతో చెప్పింది. నా మొదటి ఉద్యోగం అది. చూపు మరీ తగ్గాక, 2008లో, ఆమె కడప వెళ్ళిపోయింది. ఎయిర్‌పోర్టులో నా మొహాన్ని రెండు చేతులతో తడిమి, "పని మానద్దు పాపా" అంది. చివరి రోజుల దాకా కోడలు చదివి వినిపిస్తుంటే ఇంటి లెక్కలు ఆమే నడిపిందని ఇంతియాజ్ ఫోన్లో చెప్పాడు.

పోయినసారి నెల్లూరు వెళ్ళినప్పుడు, ఫోన్లో డబ్బు పంపడం నేర్పమని మా అమ్మ అడిగింది. "ఈ వయసులో నీకెందుకు, నేను పంపుతాగా" అన్నాడు తమ్ముడు, ఫోన్ తీసుకోవడానికి చెయ్యి చాపుతూ. నేను అమ్మ పక్కన చేరి తెర మీది మాటలు ఒక్కొక్కటే చదివాను. ఆమె తప్పు నొక్కింది. మళ్ళీ మొదటికి వచ్చింది. నేను నా చేతులు ఒళ్ళోనే ఉంచుకుని మొదటి మాట నుంచి మళ్ళీ చదివాను.