పిల్లి చెవుల టోపీ

మా తోడికోడలికి నెలలు నిండే వేళకు జనగామలో బస్సులు కదలడం మానేశాయి. రాష్ట్రం కోసం సమ్మె. తొలి కాన్పుకు పుట్టిల్లు రేగొండ పోవాల్సిన పిల్ల, పోలేక మా ఇంట్లోనే ఉండిపోయింది. నేను పాఠాలు చెప్పే బడికీ తాళం పడింది. పొద్దున దీక్షా శిబిరంలో కూర్చోవడం, మధ్యాహ్నం ఇంటికొచ్చి ఆమె కాళ్లు పట్టడం, అదీ నా పని. పెళ్లయి తొమ్మిదేళ్లయినా నాకు పిల్లలు లేరు. ఆమె నోరారా అక్క అని పిలిస్తే ప్రాణం లేచొచ్చేది.

ఒకనాడు ఆమే అడిగింది. "అక్క, పిల్లి చెవులు పెట్టి టోపీ అల్లవా? ఇరవై ఒకటోనాడు బిడ్డకు నువ్వే తొడగాలె."

"అత్త ఒప్పుకుంటదా?" అన్నాను. మా అత్తగారికి పట్టింపులెక్కువ. పురిటిబిడ్డ తలకు తొలి కొత్త బట్ట పిల్లల తల్లి చేతి మీదుగానే రావాలంటుంది.

"నా బిడ్డ, నా ఇష్టం. నేను చెప్త తియ్యి."

ఆ మాట పట్టుకుని సూదులు తీశాను. అంత సులువైన అల్లిక ఇంకోటి లేదు. బిడ్డ తలకు సరిపడా పొడుగాటి పట్టీ అల్లి, మధ్యకు మడిచి, రెండు పక్కలా కుట్టేయడమే. పైనున్న రెండు మూలల్ని దారంతో బిగించి కడితే చెవులవుతాయి. సగమయ్యేసరికి ఎర్ర ఊలు అయిపోయింది. బంద్ కదా, ఊళ్లో దుకాణమన్నది తెరవలేదు. నా పాత స్వెట్టర్ విప్పి మిగతా సగం గోధుమరంగులో అల్లాను. శిబిరంలో ఆడవాళ్లు ఒకటే నవ్వడం.

"ఏంది టీచరమ్మ, ముందుకెల్లి ఒక పిల్లి, ఎన్కకెల్లి ఇంకో పిల్లినా?"

నేనూ నవ్వాను. అంత సంతోషం నాకు మళ్లీ దొరకలేదు.

ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజుకు ఒకరోజు ముందు తోడికోడలి తల్లి తన కొడుకు బండి మీద వచ్చింది. తొట్టెలలో వేసేనాడు ఇల్లంతా ఆడవాళ్లు. శిబిరంలో నా పక్కన కూర్చునేవాళ్లూ వచ్చారు. టోపీ పొద్దున్నే తోడికోడలి చేతికిచ్చి, పిలుస్తుందని గడప దగ్గర నిలబడ్డాను. పిలవలేదు. ఆమె తల్లి ముందుకొచ్చి బిడ్డకు తొడిగింది.

"మంచిగున్నది. ఎక్కడిది?" అంది అత్తగారు.

తోడికోడలు నా వైపు చూడలేదు. "అమ్మ నిన్న వచ్చుకుంట హన్మకొండల కొనుక్కొచ్చింది అత్తమ్మ."

హన్మకొండలోనూ బందే. సూది కొందామన్నా దుకాణం తెరిచి లేదు. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు, అత్తగారితో సహా. నా అల్లిక చూసి రోజూ నవ్వినవాళ్లు ఒక్కరూ నోరు మెదపలేదు. మాది మాకు కావాలని శిబిరంలో గొంతు పోయేలా అరిచే నేను, ఆ టోపీ నాదని అనలేకపోయాను.

అత్తగారి మీద కోపం రాలేదు. ఆమె ఏనాడూ నాకు మాట ఇవ్వలేదు. ఇచ్చింది ఈ పిల్ల, అడక్కుండానే.

చుట్టాలు వెళ్లాక తోడికోడలు బిడ్డతో వంటింట్లోకి వచ్చింది. "నీ కోసమే గట్ల చెప్పిన అక్క. నిజం చెప్తే అత్త గా టోపీ ముట్టనిస్తదా? ఏదైతేంది, నువ్వు అల్లింది బిడ్డ నెత్తికెక్కింది గద."

నా కోసమట! ఆమె వాకిట్లోకి ఓసారి తొంగి చూసి, బిడ్డను నా ముందుకు చాపింది.

"ఎత్తుకో అక్క, జల్ది. ఎవ్వలు లేరు."

మొహం మీదే నాలుగు కడిగేసి వెళ్లిపోవాల్సింది. చేతులు తుడుచుకుని ఎత్తుకున్నాను. అత్తగారి అడుగుల చప్పుడు వినపడగానే, తోడికోడలు అడగకముందే, బిడ్డను నేనే తిరిగి ఇచ్చేశాను.