ఎంగిలి గాలి

నీళ్ళ సీసా పెదవులకు తగలకుండా ఎత్తి తాగడం మా ఇంట్లో అక్షరాల కంటే ముందు నేర్పుతారు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా మా ఆయన తాగిన గ్లాసు కడగకుండా ముట్టుకున్న పాపాన పోలేదు నేను. అలాంటి దాన్ని, నలభై దాటాక, నీళ్ళలో ఆపదలో ఉన్నవాళ్ళను కాపాడే స్కూబా శిక్షణలో చేరాను. అంతకుముందే, సెలవులకు విశాఖ వెళ్ళినప్పుడల్లా సముద్రంలో డైవింగ్ నేర్చుకుని ఉన్నాను. ఈ శిక్షణ ఒక్కటి గట్టెక్కితే వానాకాలంలో మా ఊరి వరద సహాయక దళంలోకి తీసుకుంటామన్నారు. ఈ హిందీ ఊళ్ళో, రైల్వే ఆఫీసులో ఫైళ్ళు కదపడం తప్ప మరేదీ చేతకాదని పేరుపడ్డ నాకు అది కావాలి. చాలా కావాలి.

"పిల్లల పెళ్ళిళ్ళు సెయ్యాల్సిన వయసులో నీటిలో మునుగుతావేటే?" అంది మా అత్తగారు.

మొదటిరోజే రోత మొదలైంది. కళ్ళకు పెట్టుకునే మాస్కు మసకబారకుండా విశాఖలో ఏదో మందు చల్లేవారు. ఇక్కడి శిక్షకుడు అందులో ఉమ్మేసి, వేలితో రుద్దుకోమన్నాడు. అందరూ ఖాండ్రించి మరీ ఉమ్మేశారు. నేను ఇంటినుంచి షాంపూ తీసుకెళ్ళడం మొదలుపెట్టాను.

శిక్షణ మా ఊరి శివారు సిర్గిట్టి అవతల, వదిలేసిన రాళ్ళ క్వారీలో. నీళ్ళు పాచి పట్టి పచ్చగా ఉండేవి. ఒక ఒడ్డున గేదెలు, మరో ఒడ్డున కుళ్ళిన బంతిపూల దండలు, నిమజ్జనం చేసిన బొమ్మల్లోంచి ఊడొచ్చిన గడ్డి. ఒకసారి అడుగున నా చేతికి మెత్తగా తగిలినదేమిటో ఇప్పటికీ తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. క్వార్టర్‌కి వచ్చాక రెండుసార్లు తలంటుకున్నా ఆ జిగట పోయేది కాదు.

వీటన్నిటినీ మించిన రోత, నీళ్ళలో నాకు జతగా వేసిన నా జోడీ. ఊరి పక్కనున్న బోద్రీలో, కోర్టు వకీలు. మాలాగే శ్రీకాకుళం వైపునుంచి వచ్చిన పాత రైల్వే కుటుంబం వాడే, నన్ను అక్కా అనేవాడు. నోట్లో గుట్కా లేకుండా నేనతన్ని చూడలేదు. పళ్ళన్నీ ఎర్రగా గార పట్టి, పెదవుల మూలల్లో ఎప్పుడూ ఎండిన చారలు. నీళ్ళలోకి దిగేముందు అదంతా ఊసేసి, ఆ క్వారీ నీళ్ళే దోసెడు తీసుకుని పుక్కిలించేవాడు.

చివరి పరీక్ష అతనితోనే. నా గాలి అయిపోయినట్టు నేను సైగ చెయ్యాలి, అతను తన నోట్లోని గొట్టం తీసి నాకివ్వాలి. ఇద్దరం మార్చి మార్చి పీలుస్తూ పైకి రావాలి. ఇలాంటప్పటికని ప్రతివాళ్ళకీ ఇంకో గొట్టం వేలాడుతూనే ఉంటుంది. అది చెడిపోయిందనుకోండి, ముట్టుకోవద్దు అన్నాడు శిక్షకుడు. జోడీ గాలి వద్దన్నవాళ్ళు ఇంటికి పోవచ్చని కూడా హిందీలో కుండబద్దలు కొట్టాడు.

ఆ పొద్దున ఓపిక ఉండాలని చద్దన్నంలో పచ్చి ఉల్లిపాయ, వేయించిన ఎండు నెత్తళ్ళు నంజుకుని తిన్నాను. పళ్ళు తోముకుని, తలస్నానం చేసి, శుభ్రంగానే వెళ్ళాను.

అడుగున సైగ చేసి నా గొట్టం తీసేశాను. అతను తనది తీసి నా ముందుకు చాచాడు. ఆ రబ్బరు అంచులు అప్పటిదాకా ఆ పళ్ళ మధ్య ఉన్నవి. చూస్తూ ఉండిపోయాను. ఛాతీ బిగుసుకుంది. పక్కనే శిక్షకుడు నన్నే చూస్తున్నాడు. ఇక ఆగలేక లాక్కుని నోట్లో పెట్టుకున్నాను. వక్క, సున్నం, లవంగం, తుప్పు అన్నీ కలిసిన ఎంగిలి రుచి నాలుకకు అంటింది. డోకు వచ్చింది. అయినా పీల్చాను. ఇంకోసారి పీల్చాను. అతను నా మణికట్టు తట్టేదాకా వదల్లేదు.

అతను గొట్టం తీసుకున్నాడు. వెంటనే నోట్లో పెట్టుకోలేదు. చుట్టూ ఉన్నవి నీళ్ళేనన్న సంగతి మరిచాడో ఏమో, దాన్ని అటూ ఇటూ జాడించాడు. బొటనవేలితో అంచంతా రుద్దాడు. మళ్ళీ జాడించాడు. అప్పుడు, మొహం చిట్లించి, పళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

పైకి వచ్చాక ఇద్దరూ పాస్ అన్నాడు శిక్షకుడు. అంత కావాలనుకున్న మాట నా చెవికి ఎక్కలేదు. ఎదుటివాళ్ళ ఎంగిలికి రోయడమే తప్ప, నాకూ ఎంగిలి ఉంటుందని అప్పటిదాకా తట్టలేదు నాకు.

"పొద్దున్నే ఎండుసేపలు తిన్నావేటక్కా? కడుపులో తిప్పీసింది," అన్నాడు జోడీ. స్కూటర్ దగ్గరికి వెళ్ళి గుట్కా పొట్లం చింపి నోట్లో పోసుకున్నాడు. నోరు బాగుచేసుకోవాలి కదా అన్నాడు.