ఐదు గుంటల కొత్తిమీర

ఆ రోజుల్లో నేల అంటే నాకు గజాల్లోనే తెలుసు. హైదరాబాద్ పాతబస్తీ మొఘల్‌పురాలో పుట్టి పెరిగినవాడికి అంతకు మించిన నేల కలలోకి కూడా రాదు. మిద్దె మీద పెయింటు డబ్బాల్లో అమ్మ పెంచిన మల్లె, కరివేపాకు, నిమ్మ మొక్కలే మా వ్యవసాయం. అలాంటిది నాన్న రైల్వేలో రిటైరవగానే శంషాబాద్ అవతల ఒక పల్లెలో రెండు గదుల ఇల్లూ, వెనక ఖాళీ జాగా కొనేశారు. (అమ్మను అడిగారు, కొన్న తర్వాత.) అమ్మ వచ్చింది గానీ పాత ఇంటి తాళంచెవి కొంగుకు కట్టుకునే వచ్చింది. పెరట్లో చిన్న మడి చేసి, కొత్తిమీర చల్లి షరతు పెట్టింది: "గిది మొలిచి ఒక్కపారన్న చట్నీ నూరుకుంటే ఈడనే ఉంట. లేకుంటే నా మొఘల్‌పురకు నేను వోత."

కొత్తిమీర మొలిచింది. నాన్న దానికి దండం పెట్టడం ఒక్కటే తక్కువ. ఇక ఆ డబ్బా మొక్కల్ని కూడా తెచ్చి నాటేస్తే అమ్మ కాలు కదలదని నాకో ఐడియా వచ్చింది. (నా ఐడియాలకు ఇంట్లో అప్పటికే మంచి పేరు లేదు.) ఊళ్లో ఇలాంటి పనులు చేసిపెట్టే ట్రాక్టరన్నకు ఫోన్ చేశాను. "అన్నా, మేం సిటీకి వోయొచ్చేలోపల మా ఇంటెనుక ఐదు గుంటలు జేసియ్యాలె, మొక్కలు పెట్టాలె."

"ఐదు గుంటలేనా? గదెంత పని. మీరొచ్చేసరికి అయిపోతది, ఫికర్ జెయ్యకు."

ఎంత మంచివాడో అనుకుని, ముగ్గురం మొక్కల కోసం మొఘల్‌పురా వెళ్లాం. సాయంత్రం ట్రాలీ ఆటోలో డబ్బాలతో తిరిగొచ్చేసరికి పెరట్లో ఒక్క గుంటా లేదు. గోడ నుంచి కంచె దాకా నేలంతా దున్ని ఉంది. కొత్తిమీర మడి ఎక్కడుండేదో కూడా తెలియలేదు.

"ఐదు గుంటలన్నవ్ గదా తమ్మీ, సరిగ్గ గంతే ఉన్నది," అన్నాడు ట్రాక్టరన్న. పల్లెలో గుంట అంటే నూట ఇరవై చిల్లర గజాల నేల అని అప్పుడు తెలిసింది నాకు.

"గుంటలంటే మొక్కలకు తవ్వే గుంతలే అనుకున్న నేను."

"గుంతలా? గట్ల జెప్పొద్దా మరి. మూలకేందో పచ్చగుండె, గడ్డి అనుకున్న."

కొత్తిమీరను గడ్డి అన్న ఆ మాటతో అమ్మ లోపలికి వెళ్లి సంచీ సర్దింది, చెప్పులు తొడుక్కుంది. నాన్న నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. బస్సుకు దగ్గరి దారని ఆమె పెరట్లోంచే అడ్డంగా నడిచింది. నాలుగడుగులకే పాదాలు మట్టిలో కూరుకుపోయాయి. జీవితమంతా డబ్బాల్లోని గట్టి మన్నును గరిటెతో పెళ్లగించిన మనిషి, వంగి పిడికెడు మన్ను తీసి వాసన చూసింది.

"మన్ను మస్తున్నది," అంది చివరికి. "ధనియాల డబ్బ తీస్కరాపో."

"ఎన్ని కావాలె?"

"డబ్బ మొత్తం."

మెట్టు మీద గోనెసంచి పరిచి, వాపసు పోవడానికి తొడుక్కున్న చెప్పునే చేతిలోకి తీసుకుని, విత్తడానికి ధనియాలను రెండు బద్దలయ్యేలా రుద్దడం మొదలుపెట్టింది. నాన్న ఆమె సర్దుకున్న బట్టల సంచీని లోపలికి మోసుకెళ్లారు.

ఐదు గుంటల కొత్తిమీరను ముగ్గురు మనుషులు ఎంతని తింటారు? కట్టలు కట్టి బస్సులో మోసుకెళ్లి మొఘల్‌పురాలో ఇంటింటికీ పంచాను. అప్పటి నుంచి ఆ గల్లీలో నా పేరు కొత్మీర్ భాయ్. మొన్న అక్కడే చుట్టాల పెళ్లికి వెళ్తే, ఈ పూట ఉండిపోదామన్నాను అమ్మతో. "కొత్తిమీరకు నీళ్లెవరు వోస్తరు?" అంటూ లేచింది. ట్రాక్టరన్నకు ఫోన్ చేసి చెబుతానన్నాను. అమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసేసుకుంది.