అక్క గీతలు నింపిన తీగల పెట్టెలు

కార్తీక బహుళ విదియ, బుధవారం. తెల్లవారినప్పటి నుంచి ముసురు. గొడ్ల కొట్టం మీద కప్పిన బోదగడ్డి జారితే నిచ్చెన వేసుకొని సర్దినాను. అది ముగిసి కిందికి దిగేసరికి పలకల బండి తోలే మనిషి వాకిట్లో నిలబడి ఉన్నాడు. "తర్లుపాడులో మీ అక్క పోయిందంట" అన్నాడు.

నేను నమ్మలేదు. పోయిన ఎండాకాలం ఇదే మనిషి, బేస్తవారిపేటలో మా చిన్నాయన పోయినాడని చెప్తే పూలదండ పట్టుకొని పోయినాను. చిన్నాయన అరుగు మీద కూర్చొని శనక్కాయలు వలుస్తూ, "దండ ఎవరికిరా?" అని అడిగినాడు. అందుకని ఈసారి ఎవరు చెప్పినారు, ఎవరు చూసినారు అని అడిగినాను. బండి మనిషి విసుక్కున్నాడు.

"రైలు గార్డు దొర వానలో టోపీ తీసి మీ అక్క వాకిట్లో నిలబడినాడు. నేనే చూసినా. ఇంక నీకేం సాక్ష్యం కావాల?"

అప్పుడు నమ్మినాను. ఆ దొర ఎవరి ముందరా టోపీ తీసే మనిషి కాదు.

చావు కబురుకు కూడా సాక్ష్యం అడిగే ఈ గుణం నాకు అక్క దగ్గరే అబ్బింది. ఆమె మా పెద్దమ్మ కూతురు. నేను బడికి పోలేదు. బావ, అంటే అక్క మొగుడు, పలకలకు కొయ్య చట్రాలు బిగించే పని ఇంట్లోనే చేసేవాడు. అంచు విరిగి పనికిరాని పలకలు ఆ ఇంట్లో కుప్పగా పడి ఉండేవి. వాటిమీద నేను అక్షరాలు దిద్దుకున్నాను. అక్కకు చదువు రాదు. నేను రాసింది నా చేత చదివించుకొని, ఆ పలకను తీసి దాచేది. కొన్నాళ్లు పోయినాక, నేను మరిచిపోయి ఉంటానని తోచినప్పుడు, మళ్లీ బయటికి తీసి "ఇప్పుడు చదువు" అనేది. మొదట చదివినట్టే చదివితేనే నేను రాసింది రాత అని ఒప్పుకొనేది. ఈ రోజు నేను పలకల కొట్టులో లెక్కలు రాస్తున్నానంటే, ఏ రోజుది ఆ రోజు తప్పు లేకుండా రాస్తున్నానంటే, ఆ అనుమానం పెట్టిన భిక్షే.

ఆ ఇంట్లో చట్రాలతో పాటు ఇంకొకటి తయారయ్యేది. దాని పేరు యుకలేలి. నాలుగు తీగల వాద్యం. సంకలో ఇముడుతుంది. నడుము దగ్గర రెండు చేతులా నొక్కినట్టు సన్నగా ఉంటుంది. ఊళ్లోవాళ్లు దొర తంబూర అన్నారు. అక్క తీగల పెట్టె అనేది. పెట్టె చేసేది బావ, దానిమీద గీతలు నింపేది అక్క.

గూడ్సు బండి గార్డు దొర ఒకసారి పగిలిన యుకలేలిని గుడ్డలో చుట్టుకొని వచ్చి, అతికిస్తావా అని బావను అడిగినాడు. బావ చెయ్యి చాచేలోగా అక్క అడ్డం వచ్చింది.

"గుంతకల్లులో వడ్రంగులు లేరా దొరా? ఇంత దూరం మా ఇంటికే ఎందుకొచ్చినావు?"

"బండి ఇక్కడ చాలాసేపు ఆగుతుంది అమ్మా. గుంతకల్లులో నేను నిద్రపోతాను."

ఆమె ఆయనకు మంచినీళ్లు ఇచ్చి, తాగేంతసేపూ కళ్లలోకే చూసింది. నీళ్లు తాగేటప్పుడు మనిషి అబద్ధం దాచలేడని ఆమె నమ్మకం. తాగి చెంబు కింద పెట్టినాక బావ వైపు తిరిగి, "చెయ్యి" అన్నది.

అతికినదాన్ని చూసి దొర కొత్తది ఒకటి చేసిపెట్టమన్నాడు. బావ ఆ మొదటిదానికి వీపు చెక్కకు బదులు సన్నటి పలక వేసినాడు. కొయ్య వానకు ఉబ్బుతుంది, ఎండకు వంగుతుంది, పలక ఏమీ కాదు కదా అని ఆయన ఆలోచన. పలకల మధ్య బతికేవాళ్లకే తట్టే ఆలోచన అది. దొర దాన్ని రెండు చేతులా మోయలేక ఒళ్లో పెట్టుకొని మీటినాడు. మూత పెట్టిన కుండ మీద కొట్టినట్టు మోగింది.

"ఇది నేను వాయించాలా, దీనిమీద రాయాలా?" అన్నాడు దొర.

"రాయి దొరా, నీకు కాస్త తెలుగన్నా వస్తది" అన్నది అక్క. మొగుణ్ని ఆమె ఎన్ని మాటలైనా అనేది గానీ, వేరేవాళ్లు అంటే ఊరుకొనేది కాదు.

ఆ తర్వాత అంతా చెక్కతోనే చేసినారు. గుమ్మడి టేకు చెక్కను రేకులాగా చిత్రిక పట్టి, ఎద్దులకు ఉలవలు ఉడకేసే కాగులో ఉడికించి, వేడిమీదనే వంచేవాళ్లు. ఏ పెట్టె చూసినా కొన్నాళ్లు ఉలవల వాసనే. ఎద్దు కూడా ఒకసారి మెడ చాపి నాకిందని బావ చెప్పేవాడు. తర్వాత పై చెక్క మీద, అంచుల మీద, బావ మేకుమొనతో సన్నగా గాడి తీసేవాడు. అక్క పలక పొడిని కరిగిన లక్కలో కలిపి ఆ గాళ్లలో నింపేది. ఆరినాక గరుకాకుతో రుద్దితే పసుపుపచ్చ చెక్క మీద నల్లటి గీత మిగిలేది. పూలు వేసేది కాదు. జొన్న కంకులు, పొట్టేలు కొమ్ములు, సొరతీగ. "చూసినవే వెయ్యాల. చూడనివి వేస్తే అడిగినోళ్లకు ఏం చెప్తాం?" అనేది.

ఆమె ఏ చెక్కనూ చూడగానే ఒప్పుకోలేదు. వేలిముడితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకొని, మళ్లీ కొట్టేది. "తడి చెక్క, తీపి మాట. రెండూ ఆరినాక చూడాల" అనేది. లక్క అమ్మే దుకాణంలో లక్కను నాలిక్కి తగిలించి చూసేది. దుకాణం సాయిబు, "తినేదానికి కాదమ్మా" అంటే, "కల్తీ నీకెట్ల తెలుస్తది మరి?" అని అడిగేది. దొర ఒకసారి, మద్రాసులో దొరసానులు ఈ గీతలను ఎంతో మెచ్చుకున్నారని చెప్పినాడు. ఆయన అటు పోగానే అక్క లేచి, గోడకున్న ఉలులన్నీ ఉన్నాయో లేదో చూసుకుంది. "పొగిడినోడు వట్టిచేతుల్తో పోడు తమ్ముడా" అని నాతో అన్నది. దొర ఎన్నేళ్లు వచ్చినా, ప్రతిసారీ అదే చూపు.

మా అక్కకు పిల్లలు లేరు. ఒక బిడ్డ పుట్టి, మాట రాకముందే పోయిందని మా అమ్మ చెప్పింది. అక్క నోట ఆ సంగతి నేనెప్పుడూ వినలేదు.

ఒక ఎండాకాలం ఆబ్కారీ జవాను వచ్చినాడు. దోర్నాల వైపు కొండల నుంచి గంజాయి దిగి రైలెక్కుతోందని వాళ్లకు ఎవరో చెప్పినారంట. దొర ఇంటికొస్తాడు, పెట్టెలు తీసుకపోతాడు, ఆ పెట్టెలు బోలుగా ఉంటాయి. అనుమానానికి అంతకంటే ఏం కావాల? నేను చట్రాల కోసం వచ్చి అక్కడే ఉన్నాను. గోడకు ఒకటే పెట్టె వేలాడుతోంది. జవాను దాన్ని తీసి చెవి దగ్గర ఊపినాడు. లోపల ఏదో గలగలమన్నది.

అందరం విన్నాము. బావ ముఖం తెల్లబోయింది.

"ఏందిది?" అన్నాడు జవాను.

"నా పెట్టెలో చప్పుడు రాదు" అన్నాడు బావ.

"నేను కూడా అదే అడుగుతుండా. పగలగొట్టు."

"పగలగొడితే మళ్లీ ఇది ఇట్ల మోగదయ్యా."

"మోగేదానికి కాదు, చూసేదానికి."

వాకిట్లో అప్పటికే జనం. లోపల గంజాయి ఉంటే జైలు. లేకపోయినా, ఆబ్కారీవాళ్లు ఇల్లు వెతికినారన్న పేరు వస్తే బావను చట్రాల పనికి ఎవరు నమ్ముతారు? ఆయన ఆ పెట్టెను బిడ్డను అడిగినట్టు రెండు చేతులు చాపి అడుగుతున్నాడు. జవాను ఇవ్వడం లేదు. అక్క పెరట్లో నుంచి వచ్చింది. చేతుల నిండా పలక పొడి.

"ఆగు నాయనా. పగలగొట్టేముందు తలకిందులు చెయ్యి. చెంబులో ఏముందో చూడాలంటే చెంబు పగలగొడతామా?"

జవాను తలకిందులు చేసి ఊపినాడు. గుండ్రటి కంతలోకి ఏదో వచ్చి అడ్డం పడింది. అక్క చీపురుపుల్లతో దాన్ని బయటికి లాగింది. వేలి కణుపంత వేరుముక్క. జవాను వాసన చూసి గట్టిగా తుమ్మినాడు.

"ఏం సరుకిది?"

"వస కొమ్ము. మీ అమ్మ కూడా అరగదీసి నీ నాలిక్కి రాసే ఉంటది. లేకుంటే ఇన్ని మాటలు నీకెట్ల వచ్చినాయి?"

వాకిట్లో జనం నవ్వినారు. జవాను నవ్వలేదు.

"పెట్టెలో ఎందుకేసినావు?"

"మాట రావాలని."

ఆయన దాన్ని కాగితంలో పొట్లం కట్టి, పైఆఫీసరుకు చూపిస్తానని జేబులో వేసుకున్నాడు. "ఇయ్యి నాయనా, ఆయనకు కూడా పనికొస్తది" అన్నది అక్క. ఆయన పోయిన తర్వాత కూడా ఊళ్లో కొంతమంది, ముందే తెలిసి సరుకు మార్చినారని అనుకున్నారు. ఇప్పటికీ అనుకొనేవాళ్లు ఉన్నారు.

జనం పోయినాక బావ అడిగినాడు. "ఎన్నిట్లో వేసినావు?"

"అన్నిట్లో. మైనంతో అంటిస్తా. ఈ ఎండకు మైనం కరిగి ఊడినట్టుంది."

"అయితే ఇన్నాళ్లూ దొర మెచ్చుకున్నది నా చేతినా, నీ వేరునా?"

అక్క చేతుల పలక పొడి దులుపుకుంది. బావ ఆమె చేత ఒట్టు పెట్టించుకున్నాడు, పొయ్యి మీద చెయ్యి పెట్టి, ఇంక ఏ పెట్టెలోనూ వెయ్యనని. ఒట్టు పెట్టించుకొని కూడా నమ్మలేదు. వీపు చెక్కకు జిగురు పెట్టిన రోజు, పొదిగే కోడిలాగా దాని పక్కనే కూర్చొనేవాడు. అన్నం కూడా అక్కడికే. వస లేకుండా చేసిన మొదటిదాన్ని దొర వాయించి, తేడా లేదన్నాడు. బావ మా అందరి ముఖాలూ చూసినాడు. అక్క నాతో మెల్లగా, "రైలు కూత విని విని ఆ చెవులు పోయినాయి. దొర సాక్ష్యం చెల్లదు" అన్నది.

నాకు అప్పటి నుంచీ అనుమానమే. ఒకసారి ఆమె గీతలు నింపుతుంటే అడిగినాను. "అక్కా, ఇప్పుడు వెయ్యడం లేదు కదా?"

"ఒట్టు పెట్టినా కదా."

"పెట్టినావు. వేస్తున్నావా లేదా?"

"నీకెందుకు? నువ్వేమన్నా ఆబ్కారీనా?" అని, గాడి మీద లక్క ఊదుకుంటూ తలొంచుకుంది. ఆమె నవ్విందో, ఊదిందో నేను చెప్పలేను.

మార్గశిర శుద్ధ పంచమి, ఆదివారం. మబ్బు విడిచింది, మధ్యాహ్నం దాకా ఎండ. తర్లుపాడు మళ్లీ పోయినాను. పెద్దకర్మ అయిపోయి చుట్టాలంతా వెళ్లినారు. బావ ఒక్కడే నడవలో కూర్చొని ఉన్నాడు. ఒళ్లో ఆమె చివరగా పట్టుకున్న పెట్టె. కంత చుట్టూ జొన్న కంకులు సగం దాకా నల్లగా ఉన్నాయి. అక్కడ జ్వరం ముదిరి ఆమె ఆపేసింది. మిగిలిన సగం వట్టి గాళ్లు. అంచు మీద సొరతీగ మాత్రం పూర్తయింది. అది వీపు చెక్క అతుకు మీదుగా అటూ ఇటూ పాకుతుంది. బావ ఉలి మొన ఆ అతుకు మీద పెట్టి ఉంది.

"ఏం చేస్తున్నావు బావా?"

"దీనికి జిగురు పెట్టిన రోజు నేను కదల్లేదు. అప్పటికే మీ అక్కకు ఒళ్లు కాలిపోతుంది. లేచొచ్చి గంజి కావాలన్నది. కాగబెట్టేదానికి పొయ్యికాడికి పోయినా. గంజి తెస్తే రెండు గుక్కలు తాగి, చాలన్నది." ఆయన ఉలిని చూసుకున్నాడు. "ఆ గంజి ఆకలై అడిగిందంటావా, నన్ను లేపేదానికి అడిగిందంటావా?"

నాకు తోచింది ఆయనకు చెప్పదగింది కాదు.

"తీసి చూస్తే మళ్లీ అతుకుతుందా?" అని మాత్రం అడిగినాను.

"చెక్క అతుకుతది. గీత పగులుతది."

ఊపి చూసినాడు. చప్పుడు లేదు. మైనం గట్టిగా పట్టి ఉంటే చప్పుడు రాదని ఆయనకు తెలుసు, నాకు తెలుసు. కంతకు ముక్కు ఆనించి, కళ్లు మూసుకొని, చాలాసేపు అట్లనే ఉన్నాడు.

"ఏం వాసన?" అన్నాను.

"ఉలవలు" అన్నాడు. "నువ్వు చూడు" అని నా చేతికిచ్చినాడు.

నేను చూసినాను. ఉలవల వాసనే. దాని అడుగున ఇంకేదో ఉన్నట్టుంది, లేనట్టుంది. ఏదీ గట్టిగా అనలేక తిరిగి ఇచ్చినాను. బావ ఉలిని పక్కన పెట్టి, ఆ పెట్టెను ఎడమచేతి సందులో పెట్టుకొని ఒక్కొక్క తీగె బిగించడం మొదలుపెట్టినాడు. ఆయనకు వాయించడం రాదు. బొటనవేలితో ఒక్కసారి కిందికి మీటి, ఆగి, చివరి తీగె సద్దు పూర్తిగా పోయేదాకా తల పక్కకు వంచి విన్నాడు. మళ్లీ మీటినాడు. వాకిట్లోకి వచ్చినా వినిపిస్తోంది. సందు తిరిగేటప్పుడు వెనక్కి చూస్తే, సగం నల్లగా సగం వట్టిగా ఉన్న కంకుల మీద చెయ్యి ఆనించుకొని, అట్లనే తల వంచుకొని ఉన్నాడు.

పొద్దుగూకే ముందు ఇల్లు చేరినాను. కాళ్లు కడుక్కొని, రేపటి పలకలకు బండిలో గడ్డి పరిచి, ఇరుసుకు కందెన పెట్టినాను.