వద్దన్నా తీసిన ఏడుపు

నా మొదటి సినిమాకు కెమెరా పట్టిన అన్న కొత్తగూడెం బొగ్గుబాయి కార్మికుడి కొడుకు. పెద్ద సినిమాలకు పోకుండా, డాక్యుమెంటరీలు తీసే మాలాంటి వాళ్లతోనే పనిచేసేవాడు. ఎవరి ముఖం తీయాలన్నా ముందు దగ్గరికి పోయి, "తీయాల్నా?" అని అడిగేవాడు.

దుమ్ముగూడెం దగ్గర ఒక ఊళ్లో, గోదావరి వరదకు కూలిన ఇంటి ముందు ఒక ముసలమ్మ కూర్చుని ఏడుస్తోంది. అన్న అడిగితే వద్దని చెయ్యి ఊపింది. ఆయన కెమెరా దించేశాడు.

"ఇసొంటి షాట్ మళ్ల దొరుకుతదా అన్నా?" అని కసురుకున్నాను.

"ఆమె వద్దన్నది గద తమ్మీ."

ఆయన టీకి పోయినప్పుడు చెట్టు చాటు నుంచి నేనే తీశాను. సినిమాలో కలిపిన సంగతి కూడా ఆయనకు చెప్పలేదు.

తర్వాత ఆ ఊరి బడిలోనే తెర కట్టి సినిమా చూపించాం. తన ఏడుపు తెర మీద చూసి ముసలమ్మ లేచి బయటికి నడిచింది. అన్న నా మొహంలోకి ఒకసారి చూసి, ఆమె వెనకే పోయాడు. నేనూ పోయాను.

"వద్దన్న గద బిడ్డా, ఎందుకు తీసినవ్?" అని ఆమె ఆయననే అడిగింది.

"తప్పయింది అవ్వా," అన్నాడు అన్న.

రెండడుగుల దూరంలో ఉండి కూడా నేను నోరు విప్పలేదు.

ఆ తర్వాత ఇంకో సినిమా తీశాను. ఆయనను పిలవడానికి మొహం చెల్లలేదు.