కల్లంలో చదివిన పదకొండు పుస్తకాలు

జహీరున్నీసాకి కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడేవి. ఆ రోజు ట్రైనింగు స్కూల్లో, నలభై మంది ముందు చెంచయ్య మాస్టారు ఆమె నోటుబుక్కును రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకునేసరికి మెడ దాకా ఎర్రబడింది.

"వినండర్రా, వినండి. పదకొండు పుస్తకాలు చదివిందట ఈ అమ్మాయి. ఎక్కడా? మిరప కల్లంలో! తొడిమలు తీసే ముప్పై మంది ఆడవాళ్ళకు చదివి వినిపించిందట!"

తరగతి గొల్లుమంది. మాస్టారు ఎర్ర సిరాతో ఆ పేజీ మీద అడ్డంగా ‘అబద్ధం’ అని రాసి, చాలదన్నట్టు కింద గీత గీశాడు.

యాభై తొమ్మిది ఫిబ్రవరి మాట ఇది. కాబోయే పంతుళ్ళు తాము ఏం చదువుతారో, ఎలా చదువుతారో, ఆ చదువు తమని ఏం చేసిందో ఒక నోటుబుక్కులో రాసి చూపించాలి. దాని మీద మాస్టారి సంతకం పడకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. పరీక్ష లేకపోతే ఉద్యోగం లేదు, మళ్ళీ ఆ కల్లమే గతి. పక్క బెంచీ వెంకటరావమ్మ లైబ్రరీ జాబితాలోంచి ఇరవై పేర్లు ఎక్కించుకొచ్చింది. ఒక్కదాని అట్ట కూడా తెరిచిన పాపాన పోలేదు. ఆవిడకి ‘భేష్’ పడింది. నిజం రాసినదానికి అబద్ధం, అబద్ధం రాసినదానికి భేష్! జహీరున్నీసాకి ఒళ్ళు మండిపోయింది.

"అబద్ధం కాదండీ," అంది లేచి నిలబడి.

"పెదవులు కదపకుండా పేజీ చదవడం రాదు నీకు. మౌన పఠనం చెయ్యమంటే తిరగలి తిప్పినట్టు గొణుగుతావు. నువ్వా పదకొండు పుస్తకాలు చదివింది? సోమవారంలోగా సాక్ష్యం తెచ్చుకో. లేదా ఆ పేజీ చింపేసి మర్యాదగా మళ్ళీ రాయి."

సాక్ష్యమేగా, తెస్తాను అనుకుంది. శనివారం మధ్యాహ్నం బస్సెక్కి చిలకలూరిపేట దగ్గరున్న తన ఊరికి బయల్దేరింది.

ఆమె తండ్రి మీరావలి పేటలో జిన్నింగు మిల్లులో పత్తి బోరాలు కుట్టేవాడు. తనకి ఒక్క అక్షరం రాదు. అయినా టౌను లైబ్రరీలో చందా కట్టి, గుమాస్తా ఏది చేతిలో పెడితే అది చంకలో పెట్టుకుని తెచ్చేవాడు. వ్యవసాయం మీద పుస్తకమైనా సరే, నవలైనా సరే. ఎండాకాలం మొదట్లో మిరపకాయలు కల్లంలో ఎండాక ఊళ్ళో ఆడవాళ్ళంతా అక్కడే. తొడిమలు తీయడం, రంగు పోయి తెల్లబడిన తాలుకాయల్ని ఏరి అవతల పోయడం. ఎవరి బుట్టకి వాళ్ళకే కూలి. జహీరున్నీసా కూడా వాళ్ళలో ఒకతే. ఒకనాడు మధ్యాహ్నం గంజి తాగే వేళ ఆమె పుస్తకం తీసి గొణుక్కుంటుంటే, గట్టిగా చదవవే, మేమూ వింటాం అన్నారు. మర్నాటి నుంచి అదొక పద్ధతైపోయింది. ఆమె చదువుతుంటే తలా ఒక పిడికెడు తొడిమ తీసిన కాయలు ఆమె బుట్టలో వేసేవాళ్ళు. సాయంత్రానికి అందరి బుట్టలకంటే ఆమె బుట్టే ముందు నిండేది. రెండు ఎండాకాలాలు అలా గడిచాయి. దగ్గుల మధ్య, తుమ్ముల మధ్య, పదకొండు పుస్తకాలు.

ఇప్పుడు కల్లంలో చదివే పని, తాను చిన్నమ్మా అని పిలిచే సర్దార్‌బీ కూతురు ఖుర్షిదా చేస్తోందని తెలిసి ముచ్చటపడింది జహీరున్నీసా. ఆదివారం పొద్దున్నే తెల్లకాగితం, సిరాబుడ్డి పట్టుకుని కల్లానికి వెళ్ళి సంగతంతా చెప్పింది. ఆడవాళ్ళు అగ్గిమీద గుగ్గిలమయ్యారు.

"ఎవడే వాడు? మనం వినలేదని వాడికెట్టా తెలుసు?" అని ఒకరంటే, "ఇట్టా తే, ముందు నా యేలు ముంచు," అని ఇంకొకరు. కాగితం చూస్తూ చూస్తుండగానే వేలిముద్రలతో నిండిపోయింది.

సర్దార్‌బీ మాత్రం కదల్లేదు. కల్లంలో అందరికంటే శ్రద్ధగా వినేది ఆమే. ‘మళ్ళీ చదువు’ అని అడిగేదీ ఆమే.

"చిన్నమ్మా, నువ్వు కూడా వెయ్యి."

"నేను వెయ్యను."

"అదేంటి?"

సర్దార్‌బీ చేతిలో కాయ కింద పడేసింది. "ఆ సుగుణ కథ చదివావు చూడు, నిరుడు. అత్తారింట్లో తన్నులు తిన్న పిల్ల. చివర్లో ఏమైందే ఆ పిల్లకి?"

జహీరున్నీసా సిరాబుడ్డికి మూత పెట్టింది. "నూతి దగ్గర కాలు జారి..."

"మొన్న మా ఖుర్షిదా అదే పుస్తకం మళ్ళీ తెప్పించుకుని చదివింది. దానికి కూడబలుక్కుని చదవడమే వచ్చు, నీలాగా గడగడా రాదు. కానీ ఉన్నది ఉన్నట్టు చదువుద్ది. కాలు జారలేదంట. మొగుడు కొట్టే దెబ్బలకి తాళలేక దూకిందంట. అచ్చులో ఉందంట. ఉందా, లేదా?"

కల్లంలో చేతులన్నీ ఆగిపోయాయి.

"ఉంది," అంది జహీరున్నీసా.

"మరి ఎందుకు మార్చావు?"

ఎందుకో అక్కడున్న ముప్పై మందికీ తెలుసు. పన్నెండేళ్ళ కిందట సర్దార్‌బీ చెల్లెలు మస్తాన్‌బీ అత్తారింటి నూతిలో తేలింది. కాలు జారిందన్నారు. పోలీసులకీ అదే చెప్పారు. ఒంటి మీద వాతలు చూసినవాళ్ళు కూడా అదే చెప్పారు. నిరుడు కథలో ఆ పేజీ దగ్గరికి వచ్చేసరికి జహీరున్నీసా ఎదురుగా కూర్చున్న సర్దార్‌బీ ముఖం చూసింది. నోటికి అదే మాట వచ్చేసింది.

"నువ్వు బాధపడతావని, చిన్నమ్మా."

"నా బాధ నేను పడతాను, నీకెందుకే?" సర్దార్‌బీ లేచి నిలబడింది. "ఊరంతా జారిందనే అన్నారు. మా అమ్మ చేత కూడా అదే అనిపించారు. ఎవడో ముక్కూ మొహం తెలీనివాడు నిజం రాస్తే, దాన్ని కూడా నా చెవిన పడకుండా చేశావు. పుస్తకంలో కూడా ఇట్టాగే ఉంది కదా, నేనే అనుమానపు ముండననుకుని ఇంటికెళ్ళి ఏడ్చాను. నీ బుట్టలో ఏరి ఏరి మంచికాయలు పోశామే మేము. నువ్వు మాకు తాలు పోశావు!"

పొద్దుటి దాకా మాస్టారి మీద రగిలిన జహీరున్నీసా కోపమంతా ఇప్పుడు తన మీదికే తిరిగింది. చదివేటప్పుడు కన్ను ఒక వరస ముందుకు పరుగెత్తేది, నోరు వెనక వచ్చేది. ఆ ఒక్క వరస వ్యవధిలో ఇది వీళ్ళకి అక్కర్లేదు, ఇది అర్థం కాదు, ఇది తట్టుకోలేరు అని తానే తీర్మానించేది. అదొక నేర్పని మురిసిపోయింది కూడా. మౌన పఠనం రాదని మాస్టారు ఎగతాళి చేశాడు. వీళ్ళ నుంచి దాచిపెట్టిన ముక్కలన్నీ ఆమె మౌనంగానే చదివింది.

సోమవారం తెల్లవారుతూనే ఆమె బస్సు దగ్గరికి వచ్చేసరికి సర్దార్‌బీ అక్కడ నిలబడి ఉంది. కోపం ఏమాత్రం తగ్గలేదు. ఇద్దరూ అదే బస్సెక్కారు.

స్కూల్లో చెంచయ్య మాస్టారు వేలిముద్రల కాగితం చూసి పెదవి విరిచాడు. "ముద్రలు ఎవరైనా వేస్తారు."

"ముద్ర నేను వెయ్యలేదయ్యా," అంది సర్దార్‌బీ గడప దాటి లోపలికొచ్చి. మిరప ఘాటుకి పగిలిన చేతులు రెండూ నడుం మీద పెట్టుకుంది. "నేను మడిసినే వచ్చా. పదకొండు పుస్తకాల్లో మీకు ఏ కథ కావాలో అడగండి."

మాస్టారు జాబితా చూసి, ఎగతాళిగా పదకొండో పుస్తకం పేరు చదివాడు. సుగుణ కథే అది. సర్దార్‌బీ మొదలుపెట్టింది. సుగుణ పెళ్ళి, కాపురం, అత్త అన్న మాటలు, మొగుడు బెల్టు తీసిన రాత్రి, అన్నీ వరసగా, పేర్లతో సహా. తరగతిలో ఎవరూ నవ్వలేదు. మాస్టారు ఒకటి రెండు సార్లు చాల్లే అన్నట్టు చెయ్యెత్తాడు. ఆమె ఆగలేదు. నూతి దగ్గరికి వచ్చాక అందరినీ ఒకసారి చూసి, గట్టిగా అంది:

"కాలు జారలేదయ్యా. దూకింది. దూకేలా చేశారు."

మాస్టారు జహీరున్నీసా వైపు తిరిగాడు. "అలాగే ఉందా పుస్తకంలో?"

ఊఁ అంటే చాలు, పదకొండింటికీ సంతకం పడుతుంది.

"పుస్తకంలో అలాగే ఉందండీ. నేనే వాళ్ళకి మార్చి చదివాను. మీరు అబద్ధమని రాశారే, అది ఆ ఒక్క పుస్తకానికి చెల్లుతుంది. మిగతా పదింట్లో కొన్ని ముక్కలు వదిలేశానేగానీ మార్చలేదు, వాటికి చెల్లదు. అక్కడ కొట్టెయ్యండి."

మాస్టారు కలం అందుకున్నాడు. ‘అబద్ధం’ కొట్టేసి, పదకొండు దిద్ది పది చేసి, సంతకం పెట్టాడు. ఒక్క మంచి మాట రాలేదు ఆయన నోట. క్షమాపణ సంగతి సరేసరి.

బయటికి వచ్చాక సర్దార్‌బీ కొంగు నడుముకి బిగించుకుని బస్సు వైపు నడిచింది. జహీరున్నీసా వెనకే పరుగెత్తింది.

"చిన్నమ్మా, నా మీద కోపం పోయిందా?"

"పోలేదు. ఈ ఆదివారం కల్లానికి రా. ఆ పుస్తకం మొదటి నుంచి చివరి దాకా, ఉన్నది ఉన్నట్టు చదువు." సర్దార్‌బీ వెనక్కి తిరక్కుండానే అంది. "నీ బుట్టలో మాత్రం ఎవరం ఒక్క కాయ కూడా వెయ్యం."