పరీక్షలయ్యాక వెళ్లిన కొలిమి

మా అమ్మాయి నిత్య పదో తరగతిలో ఉన్నప్పుడు ఒక సంగతి కనిపెట్టింది. మా ఇంటికి రెండున్నర గంటల దూరంలో, లిత్‌గో దాటాక ఒక చిన్న ఊళ్లో, పాత షెడ్డులో, టీనేజీ పిల్లలకు నెలకు రెండు శనివారాలు కొలిమి పని, వెల్డింగ్ నేర్పుతారట. వెళ్తానంది. "ముందు హెచ్ఎస్‌సీ అవ్వనీ, పన్నెండో తరగతి పరీక్షలయ్యాక చూద్దాం" అన్నాను. తను ప్రతి టర్మ్‌లోనూ అడిగింది, నేనూ ప్రతిసారీ అదే చెప్పాను. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని ఓ సామెత జోడించి మరీ మ్యాథ్స్ ట్యూషన్ దగ్గర దింపి వచ్చేదాన్ని. ఈ నవంబరులో పరీక్షలు ముగిశాయి. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్నానన్న గర్వంతో, అక్కడ అందరి కోసం ఏడాదికోసారి పెట్టే ఒకరోజు తరగతికి ఇద్దరి పేర్లూ ఇచ్చాను. మనిషికి నలభై డాలర్లు.

శనివారం ఉదయం ఆరున్నరకు పెండిల్ హిల్‌లోని మా ఇంటి నుంచి బయలుదేరాం. అక్కణ్ణుంచి పడమరకు వెళ్తే ఎం4 హైవే మీద టోల్ లేదు. కటూంబా దగ్గర పొగమంచు ఎంత కమ్మిందంటే, ముందు కారు లైట్లు తప్ప ఏమీ కనిపించలేదు. ఆగుతూ వెళ్లినా రెండున్నర గంటల్లో చేరాం. కారు లేనివాళ్లు లిత్‌గో దాకా రైల్లో రావచ్చు. ఆ తర్వాత మాత్రం ఎవరైనా తీసుకెళ్లాలి. దారంతా నేనే మాట్లాడాను. నిత్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నిద్ర చాలలేదేమో అనుకున్నాను.

నేర్పే మనిషి పేరు గ్రెగ్, అరవై దాటిన వెల్డర్. నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుందని, నా పాలియెస్టర్ కుర్తీ మీద దళసరి నూలు కోటు తొడిగించాడు. ఆ రోజు పని ఇనుప కడ్డీని కాల్చి కొక్కెంగా వంచడం. మెకానికల్ ఇంజనీర్నని గొప్పగా చెప్పుకున్నాను. గుంటూరు కాలేజీలో నా కొక్కెం వంచింది ల్యాబ్ అటెండరనీ, మార్కులు మాత్రమే నావనీ చెప్పలేదు. ఇక్కడ అటెండర్ లేడు, నా కొక్కెం జంతికలా తిరిగింది. నిత్య మాత్రం ఇనుము నారింజ రంగుకు వచ్చేదాకా ఓపిగ్గా ఆగి, నాలుగు దెబ్బలు కొట్టి, మళ్లీ నిప్పులో పెట్టింది. ఏ పుస్తకం ముందూ దాని ముఖం అలా వెలగడం నేను చూడలేదు.

మధ్యాహ్నం మేం తెచ్చుకున్న పులిహోర తిన్నాక గ్రెగ్ దగ్గరికి వెళ్లాను. "ఫిబ్రవరి నుంచి మా అమ్మాయిని మీ పిల్లల బ్యాచ్‌లో చేర్చుకోండి" అన్నాను.

"ఎన్నేళ్లు?" అన్నాడు.

"అక్టోబరులో పద్దెనిమిది నిండాయి."

అతను చేతులు తుడుచుకున్నాడు. "మాకు గ్రాంటు వచ్చేది పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకే. పోయినేడు తీసుకొచ్చి ఉంటే కళ్లకద్దుకుని చేర్చుకునేవాణ్ణి. వెల్డింగ్ కావాలంటే టేఫ్‌లో, అదే ప్రభుత్వ వృత్తివిద్యా కాలేజీలో, చేరవచ్చు. ఈ చుట్టుపక్కల కొలిమి ఉన్నది మాత్రం ఇక్కడే."

వయసు దాటింది ఒక్క నెలే కదా అని బతిమాలాను. నిత్య వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. "అమ్మా, లీవ్ ఇట్. ప్లీజ్."

కారెక్కాక అడిగాను, "నీకు ముందే తెలుసా?"

"యా. లాస్ట్ ఇయరే వెబ్‌సైట్‌లో చూశాను."

"మరి ఎందుకొచ్చావే?"

"యూ వర్ సో హ్యాపీ, అమ్మా. పొద్దున్నే లేచి పులిహోర చేశావు. హౌ కుడ్ ఐ సే నో?"

నాకు సిగ్గేసింది, ఇప్పటికీ వేస్తోంది. రెండేళ్లు నేను దాని కోరికను వాయిదా వేశాను. అది ఒక రోజంతా నా సంతోషం చెడకుండా కాపాడింది. పిల్లకు ఇనుమంటే ఎంత ఇష్టమో నా కళ్లతో చూసిన రోజూ, ఆ కొలిమి దానికి అందకుండా పోయిందని తెలిసిన రోజూ ఒకటే అయ్యాయి. ఇంటికొచ్చాక "థాంక్స్ ఫర్ టుడే" అని తన గదిలోకి వెళ్లిపోయింది. ఆ థాంక్స్ తీసుకోవడానికి నాకు మొహం చెల్లలేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట: ఇలాంటి యూత్ ప్రోగ్రాములకు వయసు పరిమితి ఉంటుంది, ముందు అది చూసుకోండి. పిల్లలు అడిగిన టర్మ్‌లోనే చేర్చండి.